1922లో కాలిపోయిన రికార్డుల తర్వాత మధ్యయుగ ఐర్లాండ్‌ను ఎక్కడ వెతకాలి, తెలుగులో ఎలా రాయాలి?

మీరు అడిగినవి మూడు. ఇండియాలో ఉండి మధ్యయుగ ఐర్లాండ్, ఇంగ్లండ్ చరిత్రను మూలపత్రాల దాకా వెళ్లి చదవడం కుదురుతుందా? ఐర్లాండ్ రికార్డులన్నీ 1922లో కాలిపోయాయంటారు, ఇంకేం మిగిలింది? చదివింది తెలుగులో రాసి పంచుకోవాలంటే ఏం చూసుకోవాలి? మొదటిదానికి జవాబు చిన్నదే: కుదురుతుంది, అదీ చాలావరకు ఖర్చు లేకుండా. మిగతా రెండూ విడమరచి చెప్పాలి.

1922 జూన్ 30న, ఐరిష్ అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడుకు, మంటలకు బలైపోయింది. ఏడు శతాబ్దాల ప్రభుత్వ పత్రాలు బూడిదయ్యాయి. నిజానికి నష్టం అప్పుడే మొదలు కాలేదు. 1304లో డబ్లిన్ సెయింట్ మేరీస్ మఠంలో భద్రపరిచిన ఛాన్సరీ (రాజు పేరుతో ఉత్తరాలు జారీ చేసే కార్యాలయం) రోళ్లు, అంటే చుట్టగా చుట్టిన తోలు పత్రాలు, అగ్నిప్రమాదంలో పోయాయి. ఆ తర్వాత కూడా తడికి, నిర్లక్ష్యానికి పోయినవి చాలానే ఉన్నాయి. ఏ వరుసలో ఏ కాలపు రోళ్లు ఉండేవో చెప్పే పట్టిక మాత్రం మిగిలింది. ఆ ఆఫీసులోనే పనిచేసిన హెర్బర్ట్ వుడ్ 1919లో అచ్చువేసిన గైడ్ అది. దాన్ని పక్కన పెట్టుకుంటే పోయిందేమిటో ముందే తెలుస్తుంది, లేనిదాని కోసం నెలల తరబడి వెతికే బాధ తప్పుతుంది.

అసళ్లు పోయినా నకళ్లు మిగిలాయి. మనకు ఇది కొత్త సంగతేం కాదు. కాలిన్ మెకంజీ రాయించిన కైఫియత్తుల (ఊరి చరిత్రల) వల్లే కొన్ని ఊళ్ల దండకవిలెల్లోని (పాత గ్రామ రికార్డుల్లోని) సంగతులు మన దాకా వచ్చాయి, అసలు కవిలెలు మాత్రం దొరకవు. కైఫియత్తు చదివేటప్పుడు ఎవరు రాశారు, దేన్ని చూసి రాశారు, ఎప్పుడు రాశారు అని ఎలా అడుగుతామో, ఐరిష్ పత్రం చేతికి రాగానే అలాగే అడగాలి. ఇది అసలా, నకలా, నకలుకు నకలా, లేక ఎవరో తీసిన సారాంశమా? ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మిగతా పని సగం అయినట్టే.

మాట గాల్లో ఉండకుండా ఒక ఉదాహరణ తీసుకుందాం. 1324లో కిల్కెనీ పట్టణంలో ఆలిస్ కిట్లర్ అనే ధనిక మహిళ మీద, ఆమె చుట్టూ ఉన్నవాళ్ల మీద బిషప్ రిచర్డ్ లెడ్రీడ్ మతద్రోహం, మంత్రవిద్య అభియోగాలు మోపాడు. ఆలిస్ తప్పించుకుపోయింది. ఆమె పరిచారిక, మీత్ ప్రాంతానికి చెందిన పెట్రొనిల్లాను నవంబరు 3న సజీవ దహనం చేశారు. ఇంటర్నెట్‌లో ఈ కథ లేని మూల లేదు, అందులో సగం కల్పనే.

ముందుగా వర్చువల్ రికార్డ్ ట్రెజరీ ఆఫ్ ఐర్లాండ్ చూడండి. పేలుడుకు నూరేళ్లు నిండిన సందర్భంగా 2022 జూన్‌లో మొదలైంది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ నడిపిస్తోంది, ఐర్లాండ్, బ్రిటన్, ఉత్తర ఐర్లాండ్ జాతీయ ఆర్కైవులు భాగస్వాములు. కాలిపోయిన పత్రాలకు ప్రపంచంలో ఎక్కడెక్కడ నకళ్లు, సారాంశాలు ఉన్నాయో వెతికి, పాత ఆఫీసు బీరువాల వరుసలోనే తిరిగి పేర్చుతున్నారు. అన్నిటికంటే గట్టి సరుకు అక్కడ ఎక్స్‌చెకర్ (ఖజానా) పత్రాలు. కారణం సులువు: డబ్లిన్ ట్రెజరర్ తన లెక్కల్ని 13వ శతాబ్దం చివరి నుంచి వెస్ట్‌మినిస్టర్‌కు తీసుకెళ్లి ఆడిట్ చేయించుకోవాల్సి వచ్చేది. ఆ ప్రతులు లండన్‌లోనే ఉండిపోయాయి కాబట్టి డబ్లిన్ మంటలు వాటిని తాకలేదు. ఇప్పుడవి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇ 101 అనే వరుసలో ఉన్నాయి.

రెండోది సర్కిల్. ఐరిష్ ఛాన్సరీ జారీ చేసిన ఉత్తరాలను 1244 నుంచి 1509 వరకు తిరిగి కూర్చిన ట్రినిటీ కాలేజీ డేటాబేస్, సుమారు 20,000 ఉత్తరాలు, ఇంగ్లీషు అనువాదంతో. దీని వెన్నెముక 1828లో లాటిన్‌లో అచ్చయిన ఒక సంగ్రహం. ఆ 1828 పుస్తకం స్కాన్ కాపీని నేరుగా వెతకబోతే ఏమీ దొరకదు. దాన్ని చేతిరాత సంక్షేపాలను అనుకరించే ప్రత్యేక అచ్చుల్లో కూర్చారు, స్కాన్ బొమ్మలోని అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్‌కు (ఓసీఆర్) అవి అర్థం కావు. వెతుకు పెట్టెలో సున్నా ఫలితాలు చూసి లేదనుకోవద్దు. పుస్తకం చివరి సూచిక తెరిచి కళ్లతో చదవాలి.

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటి ఉంది. ఈ రంగంలో క్యాలెండర్ అంటే పత్రాల సారాంశాల పుస్తకం. ఒక గజం పొడవు పత్రాన్ని మూడు వాక్యాల్లోకి కుదిస్తారు, సాక్షుల పేర్లు, సరిహద్దులు, జరిమానా షరతులు తీసేస్తారు. కాబట్టి క్యాలెండర్‌లో లేదు కనుక పత్రంలో లేదని వాదించకూడదు. ఐర్లాండ్ విషయంలో సారాంశం తప్ప వేరే గతి లేని సందర్భాలు బోలెడు. అలాంటప్పుడు "1828 సారాంశం ప్రకారం" అని ఆ మాటే రాయాలి. ఒక కాలపు రోలు, దాని నకలు రెండూ మిగలకపోతే, సర్కిల్‌లో ఆ ఏడాది కిట్లర్ పేరు కనపడకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. మౌనాన్ని ఆధారంగా వాడే ముందు ఆ ఏడాది రోలు మిగిలిందో లేదో చూడండి.

1307కు ముందు కాలమైతే స్వీట్‌మన్ సంగ్రహించిన ఐదు సంపుటాలు అందుబాటులో ఉన్నాయి, 1171 నుంచి మొదలవుతాయి. అతను చూసినవి లండన్ పత్రాలు, అందువల్ల అసళ్లు ఇప్పటికీ ఉన్నాయి, సరిపోల్చుకోవచ్చు. గేలిక్ ఐర్లాండ్ వైపు నుంచి చదవాలంటే కార్క్ విశ్వవిద్యాలయం వారి సెల్ట్ వెబ్‌సైట్‌లో ముఖ్యమైన వార్షికాలు (ఏడాదివారీగా సంఘటనలు రాసిన గ్రంథాలు) మూలంతో, చాలావాటికి అనువాదంతో ఉన్నాయి. వాటి చేతిరాత ప్రతుల ఫొటోలకు ఐరిష్ స్క్రిప్ట్ ఆన్ స్క్రీన్, పాత ఐరిష్ పదాలకు ఈడిల్ నిఘంటువు, ఊరి పేర్లకు లోగన్మ్. ఇవన్నీ ఉచితమే.

ఇంగ్లండ్ వైపు సమస్య దీనికి తలకిందులు, అక్కడ పత్రాలు మరీ ఎక్కువ. పైప్ రోళ్లు (ఖజానా వార్షిక లెక్కలు) 1155–56 నుంచి దాదాపు తెగకుండా ఉన్నాయి, 1130 నాటిది ఒకటి విడిగా మిగిలింది. బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో క్యాలెండర్లు వెతకొచ్చు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వారి ఆంగ్లో-అమెరికన్ లీగల్ ట్రెడిషన్‌లో క్యూ ఆర్కైవ్స్ కోర్టు రోళ్ల ఫొటోలు లక్షల్లో ఉన్నాయి. వాటికి సూచికలు చాలా తక్కువ, కనుక ఏ కోర్టు, ఏ టర్మ్ (కోర్టు నడిచే కాలం), ఏ కౌంటీ అని తేల్చుకోకుండా అందులోకి దిగితే గడ్డివాములో సూదే. మార్జిన్‌లో కౌంటీ పేరు రాసి ఉంటుంది, ముందు దాని మీదే కన్ను వేసి పేజీలు తిప్పుతూ పోవాలి. ఉదహరించేటప్పుడు ఫొటో నంబరు సరిపోదు. వరుస, రోలు సంఖ్య, తోలుముక్క సంఖ్య, వెనుకవైపు అయితే ఆ మాట కూడా ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్లకు అన్నిటికంటే మంచి మొదటి మెట్టు క్యూలోని ఎస్‌సి 8 వరుస: రాజుకు పెట్టుకున్న విజ్ఞప్తులు. ఒక్కొక్కటి చిన్నది, కేటలాగులో సారాంశం బాగుంటుంది, ఐర్లాండ్ నుంచి వెళ్లినవీ ఉన్నాయి.

ఇక తేదీలు. చాలామంది వ్యాసాలు చెడేది ఇక్కడే. పత్రంలో క్రీస్తుశకం సాధారణంగా ఉండదు, పాలనా సంవత్సరం, దగ్గరి పండుగ ఉంటాయి. రెండవ ఎడ్వర్డ్ పాలన లెక్క 1307 జూలై 8న మొదలవుతుంది. కాబట్టి 18వ ఏడు అంటే 1324 జూలై 8 నుంచి 1325 జూలై 7 దాకా. ఒక పత్రం మీద "మైకేల్మస్ తర్వాతి మంగళవారం, 18వ ఏడు" అని ఉందనుకోండి. మైకేల్మస్ సెప్టెంబరు 29. 1324లో అది శనివారం పడింది. కనుక మంగళవారం అక్టోబరు 2. ఈ వారం లెక్కకు జూలియన్ క్యాలెండరే వాడాలి. ఇప్పటి గ్రెగోరియన్ లెక్కను వెనక్కి సాగదీసే ప్రోగ్రాములు అదే రోజును శుక్రవారం అంటాయి. 14వ శతాబ్దంలో రెండింటికీ తేడా 8 రోజులు, అంటే వారం పేరు ఒక రోజు జరిగిపోతుంది, దానితో మీ తేదీ కూడా తప్పుతుంది.

జాన్ రాజు పాలనా సంవత్సరాలు ఇంకా చిక్కు. అతని లెక్క ఏటా మారే అసెన్షన్ (క్రీస్తు స్వర్గారోహణ) పండుగ నుంచి సాగుతుంది, అందువల్ల ఒక ఏడు పొడవు, ఒక ఏడు పొట్టి. పైగా ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మారేది. పత్రంలో 1347 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కకు అది 1348 కావచ్చు. "1347/8" అని రాస్తే చదివేవాడికి సందేహం ఉండదు. సెయింట్ మార్టిన్ పండుగ అంటే నవంబరు 11 అని ఠక్కున రాసేయకండి, జూలై 4న ఇంకొకటి ఉంది. శాసనాలు చదివేవాళ్లకు ఇదేమీ కష్టం కాదు. శక సంవత్సరానికి 78 కలిపేటప్పుడు గతమా వర్తమానమా అని, ప్రభవాది పేరు, తిథి, వారం కలుస్తున్నాయా అని చూస్తాం కదా, అదే జాగ్రత్త.

ఐరిష్ వార్షికాల్లో మరో మెలిక ఉంది. క్లాంటార్ఫ్ యుద్ధం 1014 ఏప్రిల్ 23, గుడ్ ఫ్రైడే రోజు జరిగింది. నలుగురు పండితుల వార్షికాల్లో అది 1013 కింద ఉంటుంది. ఆ గ్రంథాన్ని 1632–36 మధ్య కూర్చారు, అంటే యుద్ధానికి ఆరు శతాబ్దాల తర్వాత. అల్స్టర్ వార్షికాల్లో కూడా 1013 వరకు శతాబ్దాల పాటు అంకె ఒక సంవత్సరం వెనకబడి ఉంటుంది. ఒకే యుద్ధం రెండు తేదీలతో కనపడితే రెండు యుద్ధాలని రాసినవాళ్లున్నారు.

పేర్ల దగ్గరికి వద్దాం. ఆలిస్ మొదటి భర్త ఇంటిపేరు ఔట్‌లా. అదే కాలంలో ఐర్లాండ్ ఛాన్సలర్ రోజర్ ఔట్‌లా పేరు పత్రాల్లో ఉట్లా అని కనపడుతుంది. లె పోయర్ తర్వాత పవర్ అయ్యింది, డి వాల్లే వాల్ అయ్యింది. బట్లర్ వంశం పేరు ఫ్రెంచిలో లె బొటిలర్, లాటిన్‌లో పింకెర్నా. ఒక్క స్పెల్లింగుతో వెతికితే పావువంతు కూడా రాదు. మొదట ఒక కాగితం మీద లాటిన్, ఫ్రెంచి, ఐరిష్, ఇంగ్లీషు రూపాలన్నీ రాసుకుని, కె బదులు సి, వై బదులు ఐ, యు బదులు వి మార్చి మార్చి వెతకండి.

చేతిరాత నేర్చుకోవడానికి క్యూ ఆర్కైవ్స్ వారి ఉచిత లాటిన్ పాఠాలు చాలా బాగుంటాయి, 1086 నుంచి 1733 దాకా పత్రాల భాషే నేర్పుతాయి. వాళ్ల చేతిరాత పాఠం మాత్రం 1500–1800 కాలానిది, దాంతో 1324 రోలు చదవబోతే నిరాశే. మధ్యయుగపు రాతలో ఐ, ఎన్, ఎమ్, యు నాలుగూ ఒకే రకం నిలువు గీతలు. గీతలు లెక్కపెట్టి, ఏ పదానికి సరిపోతాయో చూడాలి. పి అక్షరం కాలికి అడ్డగీత ఉంటే పెర్, వంపు తిరిగితే ప్రో. ఈ రెండూ తారుమారైతే వాక్యం అర్థం మారిపోతుంది. నాలుగు మీద చిన్నగా ఇరవై వేసి ఉంటే అది 24 కాదు, నాలుగు ఇరవైలు, 80. పౌండుకు 20 షిల్లింగులు, 240 పెన్నీలు. మార్క్ అనేది నాణెం కాదు, లెక్క కోసం వాడే పరిమాణం: 13 షిల్లింగుల 4 పెన్నీలు. వంద మార్కులంటే 66 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. వీటిని ఇప్పటి రూపాయల్లోకి మార్చి రాయకండి, ఆ అంకెకు అర్థమే ఉండదు. అదే కాలపు కూలీతోనో, ఆవు ధరతోనో పోల్చండి.

ట్రాన్స్‌క్రైబస్ లాంటి చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్లు నిజంగా ఉపకారమే. కానీ నూటికి 95 అక్షరాలు సరిగ్గా చదివినా వంద అక్షరాల వరుసలో ఐదు తప్పులు ఉంటాయి, అవి పడేది మామూలు పదాల్లో కాదు, పేర్లలో, అంకెల్లో. చాట్‌బాట్ల సంగతి ఇంకా జాగ్రత్త. లేని రోలుకు ఉన్నట్టు నంబరు ఇస్తాయి. అవి ఇచ్చిన ప్రతి నంబరునూ కేటలాగులో మీరే టైపు చేసి చూడాలి.

వ్యాసాల కోసం జేస్టోర్ అనే పరిశోధన పత్రికల సైట్‌లో ఉచిత ఖాతా తెరవండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లు 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ఏవేం తెరుచుకుంటాయో లైబ్రేరియన్‌ను అడగాలి. స్కాన్ పుస్తకాల డిజిటల్ లైబ్రరీ హాతీట్రస్ట్‌లో కొన్ని సంపుటాలు అమెరికా బయట తెరుచుకోవు, అవే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తరచుగా దొరుకుతాయి.

పంచుకునేటప్పుడు లింకు ఒక్కటే ఇవ్వడం పొరపాటు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగాక దాని చేతిరాత ప్రతుల ఫొటోల లింకులు చాలాకాలం పనిచేయలేదు. కిట్లర్ కేసుకు ప్రధాన ఆధారమైన లాటిన్ కథనం ఆ లైబ్రరీలోనే, హార్లీ 641 అనే ప్రతిలో ఉంది. షెల్ఫ్ నంబరు రాసినవాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు, లింకు మాత్రమే ఇచ్చినవాళ్ల వ్యాసాలకు ఆధారం మాయమైంది. ఫొటోలు కాపీ చేసి పెట్టే ముందు ఆ సంస్థ షరతుల పేజీ చదవండి. ఐరిష్ స్క్రిప్ట్ ఆన్ స్క్రీన్‌లో ప్రతి ఫొటో మీదా హక్కు ఆ ప్రతిని దాచిన గ్రంథాలయానిది, అక్కడికి దారి చూపడమే మర్యాద. బొమ్మ పెడితే దాని వయసు రాయండి. నార్మన్ నాయకుడు స్ట్రాంగ్‌బో, ఐరిష్ రాజు కుమార్తె ఈఫాల పెళ్లి బొమ్మ అంటూ అందరూ పెట్టేది డానియెల్ మక్లీస్ 1854లో గీసిన చిత్రం. అది ఆ పెళ్లి గురించి కంటే 19వ శతాబ్దం గురించే ఎక్కువ చెబుతుంది.

తెలుగులో రాసేటప్పుడు పదాలు మోసం చేస్తాయి. జస్టిషియర్‌ను న్యాయమూర్తి అనకండి, అతను ఐర్లాండ్‌లో రాజు తరఫున పాలించే ప్రతినిధి. ఎక్స్‌చెకర్ బ్యారన్ జమీందారు కాదు, ఖజానా కోర్టు న్యాయాధికారి. లాటిన్‌లో క్లెరికుస్ అంటే ముందు చర్చి మనిషి, గుమాస్తా అర్థం తర్వాతిది. 1541 దాకా ఇంగ్లండ్ రాజుకు ఐర్లాండ్‌లో ఉన్న బిరుదు 'ప్రభువు' మాత్రమే. ఎనిమిదో హెన్రీ కాలంలో రాజు అయ్యాడు. కాబట్టి "ఐర్లాండ్ రాజు మూడవ ఎడ్వర్డ్" అనే మాట తప్పు. 1169లో ఇంగ్లండ్ వైపు నుంచి ఐర్లాండ్‌లో దిగిన సైనికులను బ్రిటిష్‌వాళ్లు అనడం మరీ తప్పు. మనకు ప్లాసీ గుర్తొచ్చి చెయ్యి అటే పోతుంది కానీ, వాళ్లను పిలిచింది లెన్‌స్టర్ రాజ్యం పోగొట్టుకున్న ఐరిష్ రాజు డియర్మిత్ మాక్ మురఖడా. ఐరిష్ పేర్లను అక్షరం అక్షరం తెలుగులోకి మార్చకండి. టి-ఎ-డి-హెచ్-జి అని రాసే పేరు పలికేది టైగ్, తధ్గ్ కాదు. ఆధునిక ఐరిష్‌లో బి, ఎమ్ పక్కన హెచ్ వస్తే వ అవుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు మూల అక్షరక్రమం పక్కన ఇస్తే చదివేవాళ్లు తామే వెతుక్కోగలుగుతారు.

ఇక కిట్లర్ కేసును ఎలా రాయాలో చెప్పి ముగిస్తాను. హార్లీ కథనం బిషప్ పక్షాన రాసింది. అందులో పెట్రొనిల్లా ఒప్పుకోలు ఆరుసార్లు కొరడా దెబ్బల తర్వాత వచ్చింది. అదే పట్టణానికి చెందిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి జాన్ క్లిన్ తన లాటిన్ వార్షికాల్లో ఈ సంగతి క్లుప్తంగా రాశాడు. అది బిషప్ పక్షం రాసిన కథనం కాదు, కనుక దహనం జరిగిందనడానికి వేరే సాక్ష్యం. ఒప్పుకోలులోని వివరాలకు మాత్రం కాదు. అందుచేత ఇలా రాస్తే చాలు: "1324 నవంబరు 3న కిల్కెనీలో పెట్రొనిల్లా అనే పరిచారికను మతద్రోహం అభియోగంపై దహనం చేశారు. ఆమె చెప్పిందంటున్న మంత్రతంత్రాల వివరాలు, ఆమెను కొట్టించిన బిషప్ పక్షం రాసిన కథనంలోనే ఉన్నాయి. ఆలిస్ తప్పించుకుంది. పెట్రొనిల్లా తన మాటల్లో ఏం చెప్పిందో ఏ పత్రంలోనూ లేదు."